పొట్ట మీద చెయ్యి వేసి చూసే నర్సులు

మా అమ్మాయి మొన్న వినాయక చవితి వెళ్ళిన పదో రోజున ఈ నర్సింగ్ హోంలో పురుడు పోసుకుంది. నార్మల్ డెలివరీ. ఆడపిల్ల, 2 కిలోల 900 గ్రాములు. తొలి కాన్పు కాబట్టి పుట్టింటి బాధ్యత మాదే. మేం ఉండేది కంచరపాలెంలో. ఆటోలో ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడున్న మూడు రాత్రులూ నేను అమ్మాయి మంచం పక్కనే ఉన్నాను, కాబట్టి ఇదంతా కళ్ళారా చూసి రాస్తున్నది.

ఇక్కడ రివ్యూలు రాసినవాళ్ళు చాలామంది డాక్టరమ్మ మంచితనం గురించి, ఏసీ గదుల గురించి, బిల్లు గురించి రాశారు. బిల్లు సంగతి నేనూ రాస్తాను. కానీ నాకు ముందు చెప్పాలనిపించింది వేరే ఉంది. కాన్పు అయిపోయి అందరూ బిడ్డ చుట్టూ మూగుతారు చూడండి, ఆ గంటా రెండు గంటల్లో తల్లి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి ఎలా ఉందో చూసే మనుషులు ఇక్కడ ఉన్నారు. నేను ఇచ్చిన నాలుగు స్టార్లూ వాళ్ళకే. ఐదోది ఎందుకు ఆపానో కూడా దాచకుండా చెప్తాను.

నేను టైలర్ని. ముప్పై ఏళ్ళ నుంచి జాకెట్లు కుడుతున్నాను. కొలతల పుస్తకం ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది. ఆ మూడు రోజులూ అమ్మాయి దగ్గరికి ఎవరు ఎన్ని గంటలకి వచ్చారో, ఏం చూశారో అందులోనే రాసుకున్నాను. ఒక పేజీలో ఎవరిదో ఛాతీ 36, చెయ్యి పొడవు 10. పక్క పేజీలో మా అమ్మాయిది: 5:05, గట్టి, బొడ్డుకి రెండు వేళ్ళు కింద.

సాయంత్రం 4:40కి బిడ్డ పుట్టింది. మరో పది నిమిషాలకి మాయ పడింది. అప్పుడు నన్ను లోపలికి పిలిచారు. కాన్పు గదిలో ఉన్న సిస్టరుకి నలభై ఐదేళ్ళు ఉంటాయి, మాటలో పార్వతీపురం వైపు యాస. బిడ్డ బయటికి రాగానే అమ్మాయి తొడకి ఒక ఇంజెక్షన్ చేశారట. ఆక్సిటోసిన్, 10 యూనిట్లు. గర్భసంచి బాగా ముడుచుకోవడానికి కాన్పు అయిన ప్రతి తల్లికీ అది ఇస్తారు. ఆ మందు చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలట. గది మూలన చిన్న ఫ్రిజ్, దాని తలుపు మీద ఉష్ణోగ్రత రాసిన కాగితం నేను చూశాను. ఆ పూటకి కూడా రాసి ఉంది.

సిస్టరు అమ్మాయిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు కాస్త మడవమంది. ఎడమచెయ్యి పొత్తికడుపు చివర, ఎముకకి కొంచెం పైన అడ్డంగా ఆనించింది. కుడిచేతి వేళ్ళు దొప్పలా చేసి బొడ్డు దగ్గర మెల్లగా లోపలికి నొక్కుతూ వెతికింది. ఒకచోట ఆగింది. "ఇదిగో తల్లీ, ఇక్కడుంది. పంపరపనస కాయలా గట్టిగా ఉంది. ఇలా ఉంటే భయం లేదు" అంది.

నేను పక్కనుంచి చూస్తూ, కింద ఆ చెయ్యి ఎందుకు పెట్టారని అడిగాను. విసుక్కోలేదు. కింద ఆసరా లేకుండా పైనుంచి నొక్కితే సంచి కిందికి జారిపోవచ్చు, ఒక్కోసారి లోపలిది బయటికి తిరగబడిపోవచ్చు అని చెప్పింది. చొక్కా చెయ్యి తిరగేస్తే లోపలి కుట్టు పైకి వచ్చినట్టు. అది చాలా అరుదు, కానీ అయితే ప్రాణం మీదికి వస్తుందట. ఆ తర్వాత మూడు రోజుల్లో ఎవరు పొట్ట చూసినా నా కళ్ళు ముందు ఆ కింది చేతి మీదికే వెళ్ళాయి.

ఆమె నా చెయ్యి పట్టుకుని పెట్టించింది కూడా. అమ్మాయి చేత కూడా పట్టించింది. "మీది మీకు తెలియాలి. మేం పక్కన లేనప్పుడు మెత్తబడితే ముందు తెలిసేది మీకే" అంది. ఇన్నేళ్ళుగా బట్ట పట్టుకుని ఏది వాయిలో ఏది క్రేపో చెప్పే చేతులు నావి. చర్మం కింద ఆ గుండ్రటి గట్టి అంచు తగలగానే నాకు ఒళ్ళు జలదరించింది. తొమ్మిది నెలలు బిడ్డని మోసిన సంచి అది.

గట్టిగా ఎందుకు ఉండాలో కూడా ఆమే చెప్పింది. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైగా రక్తం వెళ్తూ ఉంటుంది. మాయ ఊడిపోయాక అది అతుక్కున్న చోట రక్తనాళాలు తెరుచుకుని ఉంటాయి. వాటికి ఎవరూ కుట్లు వెయ్యరు. గర్భసంచి కండ పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఆ నాళాల మధ్యనుంచే వెళ్తాయి. కండ ముడుచుకుంటే ఆ పోగులే నాళాలని బిగించేస్తాయి. లంగా బొందు లాగితే నాడా గూడంతా కుచ్చుళ్ళు పడి బిగుసుకుంటుందే, అలా. బొందు వదులైతే ఏమవుతుందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాన్పు తర్వాత ఎక్కువ రక్తం పోయిన ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురికి కారణం ఇదే, సంచి ముడుచుకోకుండా మెత్తగా ఉండిపోవడం.

నేను ఇంత పట్టుగా చూడటానికి కారణం ఉంది. ఈ అమ్మాయి పుట్టినప్పుడు నాకు జరిగింది. 1998. అప్పుడు ఈ ఊళ్ళో లేం. కాన్పు సులువుగానే అయింది, బిడ్డని కడిగి పక్కన పడుకోబెట్టారు, అందరూ వెళ్ళిపోయారు. రెండు గంటలపాటు నా దగ్గరికి ఎవరూ రాలేదు. చలి వేస్తోందని చెప్తే మా అమ్మ దుప్పటి కప్పింది. ఇంకో దుప్పటి కప్పింది. నోరు ఎండిపోయింది, చెవుల్లో హోరు. ఆ దుప్పట్ల కింద ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు. పక్క మంచం అమ్మాయికి తోడు వచ్చిన ఒక ముసలామె, ఒకప్పుడు ఊళ్ళో మంత్రసాని, నా మొహం చూసి లేచి వచ్చింది. దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఏటే, పిండిముద్దలాగుంది! బేగి పిలండి ఎవరినైనా" అని కేక పెట్టి, తనే పొట్ట రుద్దడం మొదలుపెట్టింది. తర్వాత రెండు సీసాల రక్తం ఎక్కించారు. మా అత్తగారు దిష్టి తగిలిందన్నారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఆ ముసలామె పేరైనా అడగలేకపోయాను.

అందుకే, సిస్టరు 5:05కి చూసి మళ్ళీ 5:20కి వచ్చినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 5:35కి వచ్చింది. 5:50కి వచ్చింది. మొదటి గంట పావుగంటకోసారి, తర్వాతి గంట అరగంటకోసారి, ఆ తర్వాత నాలుగు గంటలు గంటకోసారి. వచ్చిన ప్రతిసారీ నాడి, బీపీ, పొట్ట మీద చెయ్యి, ప్యాడ్. నాడి మీద వాళ్ళకి ఎక్కువ చూపు. రక్తం పోతున్నప్పుడు ముందు నాడి వేగం పెరుగుతుందట, బీపీ పడిపోయేటప్పటికి ఆలస్యమైపోతుందట.

ఇంకో విషయం టైలర్‌గా నాకు బాగా నచ్చింది. కాన్పు సమయంలో అమ్మాయి నడుము కింద ఒక ప్లాస్టిక్ షీటు వేశారు. దాని చివర గరాటులాంటి సంచి, సంచి మీద మిల్లీలీటర్ల గీతలు. పోయిన రక్తమంతా అందులోకి దిగుతుంది. మా అమ్మాయిది 250 గీత దగ్గర ఆగింది. 500 దాటితే ఎక్కువ పోయినట్టు లెక్క. కంటితో చూసి చెప్పే అంచనా చాలాసార్లు తక్కువే వస్తుందని డాక్టరమ్మ డిశ్చార్జి రోజున చెప్పారు. ఇలాంటి సంచిని మన దేశంలోనే, కర్ణాటకలోని బెళగావిలో తయారుచేసి వాడారట. 2023లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 ఆసుపత్రుల్లో చేశారు. ఇలా సంచితో కొలిచి, హద్దు దాటగానే పొట్ట రుద్దడం, మందులు, సెలైన్ అన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట్ల తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయట. చేతి అంచనాతో కత్తిరించిన జాకెట్టుకీ, టేపు పెట్టి కత్తిరించిన జాకెట్టుకీ తేడా నాకు తెలుసు. ఆ రక్తం కొలిచే సంచి ఉందో లేదో మీరు ఎక్కడ పేరు రాయించుకున్నా అడగండి.

వార్డులోకి మార్చాక ప్యాడ్లు పారెయ్యొద్దన్నారు. మార్చిన ప్రతిదీ సిస్టరుకి చూపించాలి. అనుమానం వస్తే తూకం కూడా వేస్తారు. పొడి ప్యాడ్ బరువు తీసేసి, మిగిలిన ఒక్కో గ్రాముకి ఒక మిల్లీలీటరు లెక్క. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతే వెంటనే పిలవాలి. పావుగంటలోనే తడిసిపోతే అరిచి పిలవాలి. కోడిగుడ్డుకంటే పెద్ద గడ్డ పడినా అంతే. ఇవి గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. ఆయమ్మ కూడా వచ్చి, "చదివేరా అమ్మా గోడమీద? చదవడం రాకపోతే నాను చెప్తాను" అని ప్రతి మంచం దగ్గరా అడిగింది.

ఇప్పుడు ఆ స్టారు సంగతి.

రాత్రి 10:50కి చూసినప్పుడు గర్భసంచి బొడ్డుకి సరిగ్గా సమానంగా, నడిమధ్యన, గట్టిగా ఉంది. సాయంత్రం బొడ్డుకి రెండు వేళ్ళు కింద ఉన్నది పైకి వచ్చిందేమిటని నాకు టెన్షన్ వచ్చింది. కాన్పు అయిన పన్నెండు గంటల్లోపు బొడ్డుదాకా, ఒక్కోసారి వేలు పైకి కూడా రావడం మామూలేనని, మర్నాటి నుంచి రోజుకి సుమారు ఒక వేలు చొప్పున దిగుతుందని చెప్పారు. ఇక నాలుగు గంటలకోసారి చూస్తామన్నారు. నేను పుస్తకం మూసి కాస్త నడుం వాల్చాను.

2:50కి ఒక చిన్నపిల్ల వచ్చింది. కొత్తగా చేరిన నర్సు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. బీపీ చూసింది, థర్మామీటరు పెట్టింది, బ్లీడింగ్ ఎలా ఉందని అడిగింది. అమ్మాయి నిద్రమత్తులో "బాగానే ఉంది" అంది. ఆ పిల్ల కాగితం మీద రాసేసి వెళ్ళబోయింది. నేను లేచి కాగితం చూశాను. గర్భసంచి గడిలో పైన 10:50కి ఏముందో అదే మళ్ళీ రాసి ఉంది. పొట్ట మీద చెయ్యి వెయ్యనే లేదు.

నాకు గుండె దడ మొదలైంది. అమ్మాయి పొట్ట మీద, సిస్టరు నేర్పినట్టే, కింద ఒక చెయ్యి ఆనించి చూశాను. సాయంత్రం తగిలిన గట్టి అంచు తగల్లేదు. వెతికితే బొడ్డుకి రెండు వేళ్ళు పైన, కుడిపక్కకి ఒరిగి, మెత్తగా తగిలింది. రెండింటికి మార్చిన ప్యాడ్ అప్పటికే నిండిపోయింది. "సిస్టర్, మీరు పొట్ట చూడలేదు" అన్నాను. "చూశానమ్మా" అంది. "లేదు తల్లీ, నేను చూస్తూనే ఉన్నాను. ఇది మధ్యలో లేదు" అన్నాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. నేనిక అక్కడ ఆగలేదు. కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా కింది అంతస్తుకి పరిగెత్తి రాత్రి డ్యూటీ పెద్ద సిస్టరుని పిలుచుకొచ్చాను.

ఆవిడ వచ్చీ రాగానే చెయ్యి వేసింది. ఒక్క క్షణం పట్టింది. "మూత్రం ఎప్పుడు పోశావమ్మా?" అని అడిగింది. మా అమ్మాయి కుట్లు మండుతాయన్న భయంతో తొమ్మిదింటి తర్వాత వెళ్ళనే లేదు. అప్పుడు కూడా కొంచెమే. నాకు చెప్పలేదు. మూత్రాశయం నిండితే గర్భసంచిని పైకి, పక్కకి తోసేస్తుంది, ఎక్కువగా కుడివైపుకి. తోసేస్తే అది సరిగ్గా ముడుచుకోలేదు. ముడుచుకోకపోతే రక్తం ఆగదు. ఒంటేలుకి వెళ్ళకుండా బిగబట్టడం అనే చిన్న విషయం నుంచి అంతదూరం వెళ్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆయమ్మ, నేను చెరో రెక్కా పట్టుకుని మెల్లగా బాత్రూంకి నడిపించాం. మొదట రాలేదు. కొళాయి తిప్పి నీళ్ళ చప్పుడు వినిపించేలా వదిలారు, కింద గోరువెచ్చటి నీళ్ళు పోశారు. "బయపడకమ్మా, కుట్లూడిపోవు, నానున్నాను గదా" అని ఆయమ్మ వీపు నిమురుతూనే ఉంది. వచ్చాక జగ్గులో కొలిచారు, 650 మిల్లీలీటర్లు. రాకపోతే గొట్టం వెయ్యాల్సి వచ్చేదన్నారు. తిరిగి పడుకోబెట్టి చూస్తే సంచి మధ్యలోకి, బొడ్డు దగ్గరికి దిగింది. కానీ ఇంకా మెత్తగానే ఉంది. పెద్ద సిస్టరు కింద ఒక చెయ్యి ఆనించి, పైచేత్తో గుండ్రంగా రుద్దింది. అమ్మాయి నొప్పికి నా చెయ్యి నలిపేసింది. నిమ్మకాయంత గడ్డలు రెండు పడ్డాయి. అప్పుడు చేతి కింద బిగుసుకుంది. "ఇప్పుడు రుద్దను. గట్టిపడ్డాక కూడా రుద్దుతూ ఉంటే కండ అలిసిపోయి మళ్ళీ వదులవుతుంది" అంది ఆవిడ. డాక్టరమ్మకి ఫోన్ చేసి, సెలైన్‌లో మళ్ళీ ఆక్సిటోసిన్ పెట్టింది. ప్యాడ్లు తూకం వేసింది. మళ్ళీ మొదటి గంటలాగే పావుగంటకోసారి చూశారు. నా పుస్తకంలో 3:20, 3:35, 3:50, 4:05 అని ఉన్నాయి. నాలుగింటా "గట్టి, మధ్య". తెల్లవారేసరికి అమ్మాయి ఇడ్లీ తింది.

ఇది జరిగినందుకు ఒక స్టారు తగ్గించాను. చెయ్యి వెయ్యకుండా వేసినట్టు రాయడం నేను తేలిగ్గా తీసుకోలేను. ఆ గడి ఖాళీగా ఉంటే తర్వాత వచ్చినవాళ్ళు చూసేవాళ్ళు. రాసి ఉంటే ఎవరూ చూడరు. అయితే ఆ రాత్రి ఆ అంతస్తులో పద్నాలుగు మంచాలకి ఆ పిల్ల ఒక్కతే ఉంది. ఇది ఆ పిల్ల తప్పుకంటే ఇక్కడి యాజమాన్యం తప్పు అని పొద్దున్న మేట్రన్‌కి గట్టిగానే చెప్పాను. ఆవిడ వాదించలేదు. క్షమించమని అడిగింది, మర్నాటి రాత్రి ఇద్దర్ని పెట్టింది. అదే పిల్ల మళ్ళీ వచ్చింది. ముందు "అక్కా, బాత్రూంకి వెళ్ళొచ్చారా?" అని అడిగి, తర్వాత రెండు చేతులూ వేసి చూసి, నా వైపు తిరిగి "మీరు కూడా చూడండమ్మా" అంది. రాత్రి ఇద్దరు నర్సులు ఉండటం ఆ ఒక్క రోజుకేనా, ఎప్పటికీనా అన్నది యాజమాన్యం ఇక్కడ జవాబు రాస్తే బాగుంటుంది.

పక్క గదిలో సిజేరియన్ అయిన అమ్మాయి ఉండేది, భీమిలి వాళ్ళు. ఆ అమ్మాయి పొట్ట చూడబోతే వాళ్ళత్తగారు అడ్డుపడింది, "కోత మీద చెయ్యి వేస్తారా" అని. ఆపరేషన్ అయినా గర్భసంచి ముడుచుకోవాల్సిందే, రక్తం పోయే ప్రమాదం వాళ్ళకీ ఉంటుంది అని చెప్పి, కోతకి దూరంగా పక్కనుంచి మెల్లగా, నొప్పి మందు పనిచేస్తున్న సమయం చూసి చేశారు. ఎదురు మంచం ఆమెకి రెండో కాన్పు. బిడ్డకి పాలిస్తున్నంతసేపూ కడుపునొప్పి అని ఏడ్చేది. పాలిచ్చేటప్పుడు ఒంట్లో అదే ఆక్సిటోసిన్ ఊరుతుంది, సంచి ముడుచుకుంటుంది, రెండో మూడో కాన్పుల్లో ఆ నొప్పి ఎక్కువగా తెలుస్తుంది అని చెప్పాక ఆమె కాస్త కుదుటపడింది. నొప్పి మాత్ర కూడా ఇచ్చారు, ఓర్చుకోమని వదిలెయ్యలేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. మూడు రోజులకి మందులతో కలిపి 46 వేలు అయింది. ముందు చెప్పినదానికంటే 3 వేలు ఎక్కువ, అడిగితే వివరంగా కాగితం ఇచ్చారు. లిఫ్టు చాలా చిన్నది, స్ట్రెచర్ పట్టదు. తోడు ఉన్నవాళ్ళకి బల్ల ఇరుకు. దోమలు ఉన్నాయి, దోమల కాయిల్ తెచ్చుకోండి. బండ్లు పెట్టుకోవడానికి చోటు లేదు, మా అల్లుడు స్టీల్ ప్లాంటు షిఫ్ట్ దిగి వచ్చి ప్రతిసారీ రెండు వీధుల అవతల పెట్టాల్సి వచ్చింది. క్యాంటీన్ పథ్యం భోజనం బాగుంది, కారం తక్కువ.

డిశ్చార్జి అప్పుడు ఒక సిస్టరు మంచం మీద కూర్చుని అరగంట మాట్లాడింది. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత పదో రోజుదాకా గులాబీ, గోధుమ రంగు కలిసినట్టు, ఆ పైన పసుపు తెలుపుగా పోతుంది. మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు ఉండొచ్చు. రంగు తగ్గాక మళ్ళీ ఎర్రగా ఎక్కువైనా, చెడు వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, పొత్తికడుపు ముట్టుకుంటే నొప్పి పుట్టినా రావాలి. కాన్పు అయిన రోజున సుమారు కిలో ఉండే గర్భసంచి వారానికి అరకిలో అవుతుంది, ఆరు వారాలకి వంద గ్రాములలోపుకి వచ్చేస్తుంది. ఒక బట్ట ఇలా కుదించుకుపోతే పనికిరాదని పారేస్తాం. ఆడదాని ఒంట్లో అదే ఆరోగ్యం.

ఇంటికొచ్చాక మా వదినతో చిన్న గొడవ అయింది. బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు, పొట్ట పెరుగుద్ది అంటుంది ఆవిడ. నడుముకి పాత చీర గట్టిగా బిగించి కట్టాలంటుంది, ఎవరో ఒకామెని పిలిచి పొట్ట తోమించాలంటుంది. నేనూ అవన్నీ చేయించుకున్నదాన్నే. కానీ ఈసారి సిస్టరు చెప్పినట్టే చేశాను. నీళ్ళు బాగా తాగించాను, రెండు మూడు గంటలకోసారి బాత్రూంకి పంపించాను. గుడ్డ కడితే నడుముకి ఆసరాగా వదులుగా కట్టుకోవచ్చు, దానివల్ల గర్భసంచి తొందరగా తగ్గదు. పొట్ట తోమించడం మాత్రం వద్దన్నాను. కాయం, సాంబ్రాణి పొగ సంగతిలో వదిన మాటే విన్నాను. పొగ బిడ్డకి మాత్రం దూరంగా పెట్టాం.

ఈ నర్సింగ్ హోం వాళ్ళు ఇంటికి నర్సుని పంపుతారు, ఒక్కోసారికి 600. మాకు ఐదో రోజు, పన్నెండో రోజు వచ్చింది. మా వీధి ఆశా కార్యకర్త కూడా 3, 7, 14 రోజుల్లో వచ్చి బిడ్డ బరువు, తల్లి జ్వరం, బ్లీడింగ్ అడిగి వెళ్ళింది. 21, 28, 42 రోజుల్లో మళ్ళీ వస్తుంది. అది ఉచితం. ఆ అమ్మాయి చాలా శ్రద్ధగా చేస్తుంది, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు ఇంటికొచ్చే నర్సు లేదని బాధపడక్కర్లేదు.

ఐదో రోజు నర్సు చూసినప్పుడు సంచి బొడ్డుకి నాలుగు వేళ్ళు కింద ఉంది. పన్నెండో రోజున వచ్చినామె చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, అమ్మాయి పొట్ట మీద చాలాసేపు వెతికింది. ఎముకదాకా వెళ్ళింది. ఏమీ తగల్లేదు. "అందట్లేదమ్మా, లోపలికి దిగిపోయింది. మంచిదే" అంది. నేను కూడా చెయ్యి కడుక్కుని వచ్చి చూశాను. మెత్తటి పొట్ట, అంతే. చిన్నది పక్కన నిద్రలో మూతి చప్పరిస్తోంది. పుస్తకం తీసి తేదీ వేసి "అందలేదు" అని రాశాను. పైన 2:50 దగ్గర ఎర్ర పెన్నుతో గీసిన గీత అలాగే ఉంది. తర్వాతి పేజీలో దసరాకి కుట్టాల్సిన జాకెట్లు.